పైలట్ ప్లాంటు కట్టడానికే కాదు, నడపడానికీ డబ్బివ్వండి: కేంద్ర గనుల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులు కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి శ్రీ జి. కిషన్ రెడ్డి గారికి,

నమస్కారం.

నేను కెమికల్ ఇంజనీరుని. సర్వీసులో ఎక్కువ భాగం సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ మీదే గడిచింది. కవల పిల్లల్లా ఉండే లోహాలను ద్రావణంలో ఉండగానే విడదీసే పని అది. రిటైరై కొన్నేళ్లయింది. కీలక ఖనిజాల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్ డబ్బు ల్యాబులకు చేరుతున్న ఈ సమయంలో, పైలట్ ప్లాంట్ల (ల్యాబు పద్ధతిని ఫ్యాక్టరీకి ముందు చిన్న స్థాయిలో నడిపి చూసే ప్లాంట్ల) విషయంలో నేను కళ్లారా చూసిన ఒక లోటు మీకు చెప్పకపోతే తప్పవుతుందనిపించి రాస్తున్నాను.

2025 జనవరిలో కేంద్ర కేబినెట్ ఈ మిషన్‌ను ఆమోదించిన రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఏడేళ్లకు కేంద్రం వాటా 16,300 కోట్ల రూపాయలు, ప్రభుత్వ రంగ సంస్థల నుంచి మరో 18,000 కోట్లు వస్తాయని అంచనా. ఖనిజాలంటే తవ్వకాలు, వేలం పాటలే అన్నట్టు మాట్లాడుకునే మనం శుద్ధి గురించి, రీసైక్లింగ్ గురించి కూడా ఆలోచించడం మొదలుపెట్టాం.

అయితే అసలు చిక్కు ఎక్కడుందో 2025 ఏప్రిల్‌లో అందరికీ తెలిసొచ్చింది. డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల (మోటార్ల మాగ్నెట్లు లాంటివాటిలో వాడే ఒక లోహాల కుటుంబం) ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి అని చైనా ప్రకటించగానే మన వాహన కంపెనీలకు మాగ్నెట్ల టెన్షన్ పట్టుకుంది. మన నేలలో రేర్ ఎర్త్‌లు లేవా? అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క ప్రకారం దేశంలో 1.3 కోట్ల టన్నులకు పైగా మోనజైట్ అనే ఇసుక ఖనిజం ఉంది. అందులో 72 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడ్లున్నాయి. మన భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాల ఇసుకలోనూ ఆ ఖనిజం ఉంది. డిస్ప్రోసియం లాంటి బరువైన మూలకాలు మోనజైట్‌లో తక్కువన్న మాట నిజమే. కానీ మాగ్నెట్‌కు అసలు ఆధారమైన నియోడిమియం, ప్రసియోడిమియం దండిగా ఉన్నాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది మన పరిస్థితి. ప్రపంచంలో రేర్ ఎర్త్‌ల శుద్ధి పదింట తొమ్మిది వంతులు చైనాలోనే జరుగుతోంది. పోనీ ఆ టెక్నాలజీ కొనుక్కుందామా అంటే, దాని ఎగుమతిని 2023 డిసెంబరులోనే ఆ దేశం నిషేధించింది. ఇక మనకు మనమే నేర్చుకోవాలి. నేర్చుకోవడమంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మా పనిలో మిక్సర్-సెట్లర్లు అనే పెట్టెలుంటాయి. ఒక అరలో కిరోసిన్ లాంటి నూనెను, లోహాలు కరిగిన నీళ్లను కలిపి గిలక్కొడతాం. పక్క అరలో అవి నూనె పైకి, నీళ్లు కిందికి తేరుకుంటాయి. ఆ కాసేపట్లో ఒక లోహం రెండోదానికంటే కొంచెం ఎక్కువగా నూనెలోకి వెళ్తుంది. తేడా అంతే. ఆ కొంచెం తేడాను పదుల పెట్టెల్లో, ఒక్కోసారి వందల పెట్టెల్లో మళ్లీ మళ్లీ తీస్తూ పోతే చివరికి ఒక వైపు నియోడిమియం లేత ఊదా రంగులో, ఇంకో వైపు ప్రసియోడిమియం లేత ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆ రెండు రంగులూ మొదటిసారి విడివిడిగా చూసిన రాత్రి షిఫ్టు నాకింకా గుర్తుంది.

ల్యాబులో బీకరు పట్టుకుని ఇదంతా వారం రోజుల్లో చేసి చూపించొచ్చు, ఎందుకంటే అక్కడ వాడేది కొనుక్కొచ్చిన స్వచ్ఛమైన లవణం. అసలు ఇసుకను కాస్టిక్‌తో ఉడికించి తెచ్చిన ద్రావణంలో సిలికా వస్తుంది, ఇనుము వస్తుంది. నూనెకూ నీళ్లకూ మధ్య జిగురు తెట్టు పేరుకుంటుంది. దాన్ని మేం క్రడ్ అంటాం. బీకరులో క్రడ్ దాదాపు కనిపించదు, ప్లాంటులో మూడో వారానికి పెట్టెలు మూసేస్తుంది. ఫ్లోలు ఒకసారి తారుమారైతే వరుస మొత్తం మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది. దాన్ని ఎలా దారికి తేవాలో ఏ పేపర్లోనూ ఉండదు, పెట్టెల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు నా బాధ చెప్తాను. నేను పనిచేసిన ఒక చోట, పేరు వద్దు, పైలట్ ప్లాంటుకు గ్రాంటు వచ్చింది. ప్రాజెక్టు కాలం మూడేళ్లు. టెండర్లు, సవరణలు, మళ్లీ టెండర్లు అయ్యి యంత్రాలు బిగించేసరికి రెండేళ్లు దాటింది. మొదటి క్రడ్ వచ్చి, దాని మూలం పట్టుకునే లోపే గడువు ముగిసింది. పొడిగింపు అడిగితే, పరికరాలు కొన్నారు కదా, లక్ష్యం నెరవేరినట్టే అన్నారు. సాల్వెంట్ కొనడానికి, కరెంటు బిల్లుకు, షిఫ్టు ఆపరేటర్లకు పద్దులో పైసా లేదు. కాంట్రాక్టు మీద ఉన్న నలుగురు కుర్రాళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఆ తెట్టును చూడగానే దేనివల్ల వచ్చిందో చెప్పగలిగే స్థాయికి అప్పుడప్పుడే వచ్చారు వాళ్లు. నేను రిటైరయ్యే రోజు ప్లాంటు మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. సీలు తీయని సాల్వెంట్ డ్రమ్ములు గోడవారగా అలాగే ఉన్నాయి. కాగితం మీద మాత్రం ఆ ప్రాజెక్టు విజయవంతం.

ఓపిక పడితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబు) 1980లలో టైటానియం స్పాంజి (టైటానియం లోహపు తొలి రూపం) మీద పని మొదలుపెట్టింది. కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు 2011లో ప్రారంభమైంది. దానికి డబ్బు పెట్టింది, సరుకు కావాలన్నది అంతరిక్ష శాఖే. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారినా పని ఆగలేదు, కొనేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడు. ఈ రెండూ లేకపోతే ఆ టెక్నాలజీ కూడా ఏ టార్పాలిన్ కిందో ఉండేదని నా నమ్మకం.

అందుకే అడుగుతున్నాను. మిషన్ కింద ఇచ్చే ప్రతి పైలట్ గ్రాంటులో, ప్లాంటు బిగించిన తర్వాత కనీసం రెండేళ్లు నడిపే ఖర్చును విడిగా కేటాయించండి. గడువు లెక్క మంజూరు ఉత్తర్వు తేదీ నుంచి కాదు, ప్లాంటు నడక మొదలైన రోజు నుంచి వేయండి. మార్చి 31కి మిగిలిన డబ్బు వెనక్కి పోతుందన్న భయంతో అవసరం లేని పరికరాలు కొనే పరిస్థితి రానివ్వకండి. ఓవర్‌బర్డెన్ (ఓబీ, అంటే గనిలో పైనుంచి తీసి పోసే మట్టి, రాళ్లు), టెయిలింగ్స్ (ఖనిజం తీశాక మిగిలే వ్యర్థం), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), రెడ్ మడ్ (అల్యూమినా తయారీలో మిగిలే ఎర్ర బురద) నుంచి ఖనిజాలు తీసే పైలట్ ప్రాజెక్టులకు 100 కోట్లు పెట్టారు. మంచి పని. కానీ దాన్ని పాతిక చోట్ల పంచితే ఎవరికీ సరిపోదు, నాలుగైదు చోట్ల గట్టిగా పెట్టండి. సింగరేణి ఓబీ దిబ్బలు మీకు నేను చెప్పాలా!

సరుకు సంగతి కూడా చూడండి. మాగ్నెట్ల తయారీకి 2025 నవంబరులో 7,280 కోట్ల పథకం ఆమోదించారు. ఆ ఫ్యాక్టరీలకు ఆక్సైడ్ ఎక్కడి నుంచి రావాలి? మన పైలట్ ప్లాంట్లలో తయారైన మొదటి టన్నులు, ధర కొంచెం ఎక్కువైనా సరే, కొంటామని ముందే ఒప్పందం రాసివ్వండి. తొలి టన్ను ఎప్పుడూ ఖరీదే. దానికి గిరాకీ లేకపోతే రెండో టన్ను పుట్టదు.

ఇంకొకటి. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. శుద్ధి తర్వాత మిగిలే వ్యర్థాలు, లవణాలతో నిండిన నీళ్లు తీరంలోని మత్స్యకారుల కంటి ముందే ఉంటాయి. వాటిని సంభాళించే టెక్నాలజీని తర్వాత చూద్దాంలే అని వదిలేయకుండా అదే గ్రాంటులో, అదే ప్లాంటులో పరీక్షించమని షరతు పెట్టండి. ఆ ఊళ్లవాళ్ల భయాలు ఊహలు కావు.

ఫెయిలైన ప్రయోగాల రిపోర్టులు కూడా మిషన్ కింద ఎంపికైన పరిశోధన సెంటర్లన్నీ ఒకరితో ఒకరు పంచుకునేలా చేయండి. ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఎఫ్‌టీడీసీ (ఇనుమేతర లోహాల టెక్నాలజీ సంస్థ), సీ-మెట్ (ఎలక్ట్రానిక్స్ పదార్థాల టెక్నాలజీ సంస్థ) మూడూ మిషన్ సెంటర్లే, మూడూ హైదరాబాద్‌లో, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఒకచోట పడిన క్రడ్ కష్టం ఇంకోచోట మళ్లీ మొదటి నుంచి పడకూడదు కదా.

మీకు వీలైతే ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఏదో ఒక పైలట్ ప్లాంటుకు ముందుగా చెప్పకుండా వెళ్లండి. డైరెక్టర్ గారి గదిలో కాకుండా షిఫ్టు ఆపరేటర్ పక్కన ఒక గంట కూర్చోండి. వచ్చే ఏడాది ఈ ప్లాంటు నడవడానికి డబ్బు ఏ పద్దులో ఉందో అడగండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక రిటైర్డ్ కెమికల్ ఇంజనీరు