డీజిల్ పన్నులో బస్సుకూ వాటా ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

ముడిచమురు ధర పెరిగిన ప్రతిసారీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చర్చ ఒకే బాటలో సాగుతోంది. ఎక్సైజు సుంకం తగ్గించాలని రాష్ట్రాలు కేంద్రాన్ని, వ్యాట్ తగ్గించుకోవాలని కేంద్రం రాష్ట్రాలను కోరుతాయి. పార్టీలు బంకుల ముందు ధర్నాలు చేస్తాయి. ధర రెండు మూడు రూపాయలు దిగగానే ఆ ఊసే ఉండదు. ఆర్టీసీ డిపోలలో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఉంటున్న నాకు ఈ చర్చలో ఒక ప్రశ్న ఎప్పుడూ వినపడలేదు. లీటరు మీద ఎంత పన్ను వసూలు చేస్తున్నారని అందరూ అడుగుతున్నారు. ఆ పన్నులో ఎంత భాగం, రేపు ఇంత చమురు అక్కరలేకుండా బతికే ఏర్పాట్లకు ఖర్చవుతోందని ఎవరూ అడగడం లేదు. ఆ రెండో ప్రశ్నే అసలైనదని నా అభిప్రాయం.

మన దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచి రావలసిందే. 1973లో అరబ్బు దేశాలు చమురు అమ్మకంపై ఆంక్షలు పెట్టినప్పుడు, 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లను తాకినప్పుడు, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వెంటనే మళ్లీ 130 డాలర్లు దాటినప్పుడు మనకు ఎదురైన ఇబ్బంది ఒకటే. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ కూరగాయల లారీ కిరాయి పెరుగుతుంది. అయితే ఈ ఉప్పెనల మధ్య ధరలు బాగా పడిపోయిన కాలాలు కూడా ఉన్నాయి. 2014 చివర ధరలు కుప్పకూలినప్పుడు ఆ తగ్గుదల మొత్తం వినియోగదారుడికి చేరలేదు. 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపల కేంద్రం ఎక్సైజు సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. కరోనా కాలంలో, 2020 మే నెలలో, పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు ఒక్కసారిగా పెంచింది. తర్వాత 2021 నవంబరులోనూ, 2022 మే నెలలోనూ కొంత తగ్గించిన మాట నిజమే. హైదరాబాద్‌లో 2021 జూన్‌లో వంద దాటిన పెట్రోలు మాత్రం ఆ తర్వాత వందకు దిగలేదు.

నేను పన్ను వేయడాన్ని తప్పు పట్టడం లేదు. చమురు చౌకగా ఉన్నప్పుడు పన్ను వేయడం, ఆ సొమ్ముతో చమురు అవసరం తగ్గించుకోవడం మంచి ప్రభుత్వాలు చేయవలసిన పనే. కాని మొదటి సగం చేసి రెండో సగం వదిలేశాం. వచ్చిన సొమ్ము సాధారణ ఖజానాలో కలిసిపోయింది.

రాష్ట్రాల సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, ఆ పైన అవే 4 రూపాయలు, 1 రూపాయి. తెలంగాణలో పెట్రోలుపై 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం. ఇవి శాతాల లెక్కన ఉన్నందువల్ల చమురు ధర పెరిగినప్పుడు శాసనసభలో ఏ చర్చా లేకుండా, ఏ జీవో ఇవ్వకుండా రాష్ట్ర ఆదాయం దానంతటదే పెరుగుతుంది. జనం జేబు ఖాళీ అయ్యే రోజుల్లోనే ఖజానాకు ఎక్కువ వస్తుంది. పైగా ఇంధనం మీద రోడ్లకోసం కేంద్రంలో ఒక సెస్సు, ఆంధ్రప్రదేశ్‌లో మరో సెస్సు ఉన్నాయి కాని, ఆ రోడ్డు మీద అందరికంటే పొదుపుగా నడిచే బస్సు కోసం ఒక్క పైసా సెస్సు ఎక్కడా లేదు. రోడ్లు బాగుపడవద్దని ఎవరూ అనరు. బస్సు లేని మంచి రోడ్డు మీద తిరిగేవి సొంత బండ్లు, కార్లే కనుక రోడ్డుకు మాత్రమే పెట్టే ఖర్చు చివరికి చమురు వాడకాన్నే పెంచుతుంది.

బస్సు పొదుపు ఎంతటిదో డిపోలో పనిచేసిన వాడిగా చెబుతాను. ప్రతి డిపోలో డీజిల్ కొట్టించే చోట రిజిస్టరు ఉంటుంది. ఏ బస్సుకు ఎన్ని లీటర్లు పోశారు, అది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నది రాసి, డ్రైవరు వారీగా కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది) లెక్క కడతారు. బాగా తెచ్చిన వాళ్లను మెచ్చుకుంటారు, తగ్గిన వాళ్లను పిలిచి క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నావా, గేరు ఆలస్యంగా మారుస్తున్నావా అని అడుగుతారు. పాయింట్ ఒకటి రెండు తేడా కోసం అంత పట్టుదల ఉంటుంది. పల్లెవెలుగు బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు ఇస్తుంది. అందులో యాభై మంది కూర్చుంటే లీటరు డీజిల్ యాభై మందిని ఐదు కిలోమీటర్లు మోసినట్టు, అంటే ఒక మనిషిని 250 కిలోమీటర్లు తీసుకెళ్లినట్టు. లీటరుకు యాభై ఇచ్చే మోటారు సైకిలు మీద ఒక్కరే వెళితే అది యాభై కిలోమీటర్లే, ఇద్దరెక్కితే వంద. కారు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కర్బన ఉద్గారాలు తగ్గించాలని పెద్ద సభల్లో చెప్పే మాటకు మన పల్లెల్లో ఇంతకంటే చేతికందే సాధనం లేదు. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన దేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. ఆ దారిలో మొదటి మైలురాళ్లు బస్సు పోగలిగిన ఊళ్లలోనే ఉన్నాయి.

అలాంటి బస్సును చమురు ధర పెరిగినప్పుడు మనం ఏం చేశామో 2022 ప్రారంభంలో చూశాం. అప్పటికి నాలుగు నెలలకు పైగా బంకుల్లో చిల్లర ధర కదలలేదు. అంతర్జాతీయ ధర పెరిగిన భారం మాత్రం టోకున కొనేవారి మీద పడింది. మార్చిలో టోకు డీజిల్ ధర లీటరుకు 25 రూపాయల దాకా పెరిగింది. డిపోలో సొంత బంకు, సొంత ట్యాంకు ఉండి కూడా ఆర్టీసీ బస్సులు బయటి బంకుల దగ్గర వరసలో నిలబడి డీజిల్ పోయించుకోవలసి వచ్చింది. కారు యజమానికి దొరికిన ధర లక్షల మంది పేదవాళ్లను మోసే సంస్థకు దొరకలేదు. ఆ ఏప్రిల్‌లోనే రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ టిక్కెట్ మీద డీజిల్ సెస్సు వేశాయి: పల్లెవెలుగుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 5 రూపాయలు. తెలంగాణ జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ జూలైలో దాన్ని మళ్లీ పెంచాయి. చమురును అందరికంటే తక్కువ వాడే ప్రయాణికుడి మీద సెస్సు పడింది. ఆ డీజిల్ మీద రాష్ట్రానికి వచ్చే వ్యాట్‌లో ఒక్క భాగమైనా ఆ బస్సు వైపు తిరగలేదు.

దీని ఫలితం మా ప్రాంతంలో జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయ కోతల కాలంలో స్పష్టంగా కనపడుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు ముఠాలుగా ఆటోలెక్కి పొరుగు మండలాల చేలకు వెళతారు. ఒక్కో ఆటోలో పదిమందికి తక్కువ ఉండరు; డ్రైవరుకు రెండు పక్కలా కూర్చుంటారు, వెనక డాలా మీద కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుంటారు, సద్ది గిన్నెలు పైన తాడుతో కట్టి ఉంటాయి. కూలి ఒక లెక్క, ఆటో కిరాయి మరో లెక్క. డీజిల్ పెరిగితే కిరాయి పెరుగుతుంది. అది రైతు పెట్టుకున్నా, కూలీ పెట్టుకున్నా చివరికి చేసిన కష్టంలోనుంచి పోయేదే. ఏటా ఈ ఆటోల ప్రమాద వార్తలు మీ జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. ఒకప్పుడు ఇలాంటి అనేక ఊళ్లకు రాత్రి వెళ్లి అక్కడే ఆగి, తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్ట్ బస్సులు ఉండేవి. ఆదాయం రావడం లేదని, డ్రైవర్లు చాలడం లేదని వాటిని ఒకటొకటిగా ఎత్తివేశారు. బస్సు పోయిన ఊళ్లో మొదట ఆటో వస్తుంది, తర్వాత ప్రతి ఇంటికీ వాయిదాల మీద మోటారు సైకిలు వస్తుంది, ఆ తర్వాత ఆ ఇంటి బడ్జెట్ అంతర్జాతీయ చమురు ధరకు కట్టుబడిపోతుంది. కాలేజీకి పోయే ఆడపిల్ల చదువు ఆగిపోయే ఇళ్లు కూడా ఉన్నాయి.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతోంది. దీన్ని ఉచితాల జాబితాలో వేసి విమర్శించేవారు ఇది చమురు పొదుపు పథకం కూడా అన్న సంగతి గమనించడం లేదు. నా అభ్యంతరం వేరు. ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. సీటు దొరకక మళ్లీ ఆటో ఎక్కవలసి వస్తే పథకం సగమే అమలైనట్టు.

కొత్త బస్సులు కొనేటప్పుడు అవి ఎలక్ట్రిక్ బస్సులు కావాలి. బొగ్గు కరెంటుతో నడిచే బస్సు వల్ల లాభమేమిటని కొందరు అడుగుతున్నారు, ప్రశ్న సరైనదే. డీజిల్ ఇంజను తాగిన ఇంధనంలో మూడోవంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే చక్రానికి చేర్చి మిగతాది వేడిగా వదిలేస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు తనకు అందిన విద్యుత్తులో చాలా భాగాన్ని చక్రానికే ఇస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మనకు ఎండ ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచే పనిచేస్తోంది. పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీసే కేంద్రం కట్టారు. పల్లెవెలుగు బస్సులకు ఉదయం, సాయంత్రం రద్దీ ఉంటుంది కాని, మిట్టమధ్యాహ్నం బస్సు డిపోలో ఆగే వ్యవధి దొరుకుతుంది. డిపో షెడ్డు కప్పు మీద, చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో సౌర పలకలు వేస్తే ఆ వేళలోనే చార్జింగు చేసుకోవచ్చు. ఇక ఎలక్ట్రిక్ బస్సు మన రోడ్లకు ఆగదనేవారు తిరుమల ఘాట్ రోడ్డు చూసి రావాలి. 2022 నుంచి అక్కడ నిండు బస్సులు కొండ ఎక్కుతున్నాయి, దిగేటప్పుడు బ్రేకు వేసిన శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకే చేరుతోంది. కాని ఇప్పటివరకు ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కువగా నగరాలకే వచ్చాయి. పల్లె డిపో వరస చివర ఉంది.

పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం కలపడమే పరిష్కారమన్న మాటను నేను ఒప్పుకోలేను. ఆ ఇథనాల్‌కు బియ్యం, మొక్కజొన్న, చెరకు కావాలి. అంటే నీళ్లు, భూమి, కోళ్ల మేత కావాలి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో రోడ్డెక్కింది ఊరికే కాదు.

సరుకు రవాణా గురించి ఒక మాట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గోదావరి డెల్టా కాలువలను సాగునీటికే కాక పడవలకు కూడా పనికివచ్చేలా తీర్చాడు. అందుకే వాటి మీద అన్నిచోట్లా పడవలను దాటించే లాకులు కనిపిస్తాయి. ధాన్యం, ఉప్పు, కలప బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పోయేవి. కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొన్ని భాగాలను కలిపి 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రకటన తర్వాత కూడా మన ధాన్యం లారీ మీదే పోతోంది. మా పల్నాడు మీదుగా వెళ్లే నడికుడి–శ్రీకాళహస్తి రైల్వే లైను మంజూరైంది 2011–12లో. సిమెంటు, మిరప, సున్నపురాయి రైలెక్కగల ప్రాంతం ఇది. ఒక్కో ఏడు ఆలస్యానికి ఎన్ని లారీల డీజిల్ తగలబడుతోందో లెక్క కట్టి బడ్జెట్ పత్రాల్లో చూపించాలి.

ఆపద వస్తే తట్టుకోవడం గురించి కూడా ఆలోచించాలి. విశాఖపట్నంలో కొండరాతి గుహల్లో 13 లక్షల టన్నులకు పైగా ముడిచమురు నిల్వచేసే ఏర్పాటుంది; మంగుళూరు, పాదూరు కూడా కలిపితే 53 లక్షల టన్నులు, దేశానికి తొమ్మిది పది రోజుల అవసరం. అది ఉండాల్సిందే. కాని 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అదే విశాఖలో కరెంటు లేక బంకులు పనిచేయక జనం ఎంత అల్లాడారో గుర్తుండే ఉంటుంది. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె వార్తతోనే హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలిచిపోయాయి. సముద్రం అవతల యుద్ధమే రానక్కరలేదు. సౌర కరెంటుతో చార్జింగు చేసుకునే పది బస్సులు, సొంత పలకలున్న ఆసుపత్రి, మంచినీటి పంపు ఉన్న మండలానికి అలాంటి రోజుల్లో ప్రాణం నిలిచి ఉంటుంది.

అందువల్ల రెండు ప్రభుత్వాలనూ కోరేది ఇది. చమురు ధర ఒక స్థాయి దాటినప్పుడు శాతాల వల్ల అదనంగా వచ్చే వ్యాట్ మొత్తాన్ని, రోడ్డు సెస్సులో సగాన్ని చట్టప్రకారం ప్రత్యేక ఖాతాలో వేయాలి. ఆ ఖాతాలోనుంచి ముందుగా పల్లె డిపోలకు ఎలక్ట్రిక్ బస్సులు, వాటి సౌర చార్జింగు, డ్రైవర్ల నియామకం జరగాలి. ధర పెరిగినప్పుడు పేదలకు ఊరట కావాలంటే లీటరు మీద ఇచ్చే రాయితీ కంటే ఊరికి మరో రెండు ట్రిప్పులు వేయడం మేలు, ఎందుకంటే లీటరు రాయితీలో పెద్ద వాటా పెద్ద కారుకే పోతుంది. చేపల పడవలకు, రైతు ట్రాక్టరుకు ఇచ్చే సాయం వేరు; వాటికి మరో దారి దొరికేదాకా అది కొనసాగాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. రోజూ మీరు పెట్రోలు, డీజిల్ ధరలు ఒక చిన్న పెట్టెలో అచ్చువేస్తున్నారు. దాని పక్కనే నెలకొకసారి, జిల్లా వారీగా, ఏ డిపోలో ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయి, ఎన్ని నైట్ హాల్టులు ఎత్తివేశారు, ఎన్ని తిరిగి మొదలుపెట్టారు అన్నది కూడా అచ్చువేయండి. ఆ వివరాలు డిపోల్లో ప్రతిరోజూ రాస్తూనే ఉంటారు. సమాచార హక్కు కింద అడిగితే ఇచ్చి తీరాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
పల్నాడు జిల్లా