మా వీబీఎస్ డాలుకు చేయి వేసిన వాళ్ళందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా సంఘంలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) బాగా జరిగింది, దేవునికి స్తోత్రం. ఈసారి పాఠం అపొస్తలుడు పౌలు ఎఫెసు సంఘానికి రాసిన పత్రిక ఆరో అధ్యాయం, సర్వాంగ కవచం. అందులో విశ్వాసమనే డాలు పట్టుకోమంటాడు. పిల్లలు పట్టుకున్న ఆ పెద్ద ఎర్ర డాలు ఫొటోలు చూసి ఎక్కడ కొన్నారు, ఎంత పడింది అని చాలామంది అడుగుతున్నారు. కొనలేదండీ, చేయించాం. చేసినవాళ్ళకి నలుగురిలో థాంక్స్ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సండే స్కూల్లో డాలు అంటే అట్టముక్క గుండ్రంగా కత్తిరించి సిల్వర్ పేపరు అంటించడమే కదా. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్‌వి కూడా అంతే, వాటి వెనక మోచెయ్యి కూడా దాగదు. పౌలు కళ్ళ ముందున్నది అది కాదు. సంకెళ్ళలో ఉన్నానని ఆ పత్రికలోనే రాసుకున్నాడు, రోమాలో ఆయనకు కాపలాగా ఒక సైనికుడు ఉండేవాడని అపొస్తలుల కార్యముల చివర ఉంది. అంటే రోమా సైనికుల సామాను ఆయన రోజూ చూసేదే. వాళ్ళ డాలు తలుపంత ఉంటుంది, మనిషి కాస్త వంగితే మొత్తం దాని చాటుకి వచ్చేస్తాడు. పిల్లలకి ఇది మాటల్లో చెబితే ఎక్కదు, నిలబెట్టి చూపించాలని నా పట్టుదల.

ముందుగా లండన్‌లో చదువుకుంటున్న మా పెద్దమ్మ మనవడికి థాంక్స్. 2024లో బ్రిటిష్ మ్యూజియంలో రోమన్ సైన్యం మీద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు వెళ్ళి, అక్కడి డాలు ఫొటోలు అన్ని వైపుల నుంచీ తీసి దాచుకున్నాడు, అడగ్గానే పంపాడు. అది సిరియాలోని దూరా యూరోపస్‌లో తవ్వకాల్లో ముక్కలుగా దొరికిందట, అసలు ఉండేది అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళ దగ్గర. ఆ రకం వంపు డాళ్ళలో ఇప్పటికి మిగిలింది అదొక్కటే. ఎత్తు సుమారు మూడున్నర అడుగులు, ఎర్ర రంగు మీద గద్ద బొమ్మ. పలచని చెక్క పట్టీలు మూడు పొరలుగా అడ్డం నిలువు అంటించి పైన తోలు వేశారు, అన్నీ కలిపినా చెక్క మందం ఆరు మిల్లీమీటర్లు దాటదు. ఇంకో సంగతి నన్ను చాలా కదిలించింది. క్రైస్తవులు ఆరాధనకు కూడుకున్న ఇళ్ళలో ఇప్పటికి దొరికిన అతి పాతవాటిలో ఒకటి కూడా ఆ ఊళ్ళోనే బయటపడింది. క్రీ.శ. 256 ప్రాంతంలో పర్షియా సైన్యం ఊరిని పట్టుకుంది, గోడ దాపున పోసిన మట్టి కింద ఇవన్నీ అలా ఉండిపోయాయి.

ఇక వడ్రంగి ఆచారి గారు. ఆయన మా సంఘం మనిషి కాదు, మా వీధి చివర కొట్టు. ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూసుకుని "ఇది వంచాలంటే ప్లైవుడ్డు కాదండీ, పట్టీలే వేయాలి, వాళ్ళకి తెలుసు" అన్నారు. వెనీర్ పట్టీలకి ఫెవికాల్ రాసి, నీళ్ళ డ్రమ్ముకి చుట్టి, పాత సైకిల్ ట్యూబులతో బిగించి వదిలేశారు. విప్పాక అది వంపు తిరిగి గట్టిగా నిలబడింది, వేలితో కొడితే డప్పులా మోగింది. కూలి తీసుకోండి అంటే "పిల్లల పనికి కూలేంటి" అని కసిరారు. తోలు బదులు ఆటో సీట్లకి వేసే రెగ్జిన్ పరిచి కుట్టిన సీటు కవర్ల తమ్ముడికి, మధ్యలో గుబ్బ కోసం స్టీలు గిన్నె త్యాగం చేసిన పాస్టరమ్మ గారికి కూడా వందనాలు. (గిన్నె తిరిగి రాదు అమ్మగారూ, బోల్టులు వేసేశాం.)

ఫ్రిజ్ అట్టపెట్టెలు ఊరికే ఇచ్చిన షాపు అన్నయ్య వల్ల మిగతా పిల్లలందరికీ అట్ట డాళ్ళు వచ్చాయి. ఆఖరి రోజు చర్చి ఆవరణలో అందరినీ దగ్గరగా నిలబెట్టి, ముందు వరస ఎదురుగా, వెనక వరసలు నెత్తి మీద డాళ్ళు పట్టుకునేలా చేశాం, రోమా వాళ్ళు తాబేలు అని పిలిచే వరస అది. యూత్ అన్నయ్యలు టెన్నిస్ బంతులు విసిరారు. అంతకుముందు ఒక్కడిగా నిలబడ్డ ఐదో తరగతి పిల్లాడు "పక్క నుంచి కొడుతున్నారు మాస్టారూ" అని ఏడుపు మొహం పెట్టాడు, వరసలోకి వచ్చాక వాడికి ఒక్క బంతీ తగల్లేదు. పౌలు ఆ డాలు మాట ఒక్క మనిషికి రాయలేదు, సంఘానికి రాశాడు. నేను ఇన్నేళ్ళుగా దాని మీద విన్న ప్రసంగాలన్నీ ఒంటరి సైనికుడి గురించే.

అలాగని డాలు తాయెత్తు కాదని కూడా పిల్లలకి చెప్పాం. "యెహోవా, నీవే నాకు కేడెము" (కేడెము అంటే డాలే) అని దావీదు మూడో కీర్తనలో పాడింది కన్నకొడుకు అబ్షాలోము తరుముతుంటే పారిపోతూ. కష్టం రాలేదని కాదు, కష్టం మధ్యలో పాడాడు.

ఎండలో పిల్లలకి మజ్జిగ పోసిన అక్కలకీ, మైకు సెట్టు తమ్ముళ్ళకీ, పేరు చెప్పొద్దన్న ఆ పెద్దాయనకీ మరోసారి వందనాలు.

డాలు ఇప్పుడు చర్చి స్టోర్ రూములో ఉంది. మీ సండే స్కూలుకి కావాలంటే కామెంట్‌లో చెప్పండి, కొలతలు కూడా పంపిస్తాను. బైకు మీద పట్టదు, ఆటో తెచ్చుకోండి.