అమ్మేటప్పుడు ఒకే కుటుంబం, క్లెయిమ్ అడిగితే వేరే కంపెనీ

మిలాన్,
31 మార్చి 2025

ఫిర్యాదుల విభాగం వారికి,

విషయం: 74 రోజులుగా కదలని నా కారు బీమా క్లెయిమ్

నాకొచ్చిన ఇటాలియన్ భాష కూరగాయల కొట్టు దాకా సరిపోతుంది గానీ పోట్లాటకు చాలదు. మీ కాల్ సెంటర్‌తో నాలుగుసార్లు మాట్లాడాక ఆ సంగతి తెలిసొచ్చింది. అందుకే ఇది తెలుగులో రాసి, మా అమ్మాయి చేసిన అనువాదం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

జనవరి 14 సాయంత్రం వియాలె ఫుల్వియో తెస్తీ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, వెనక నుంచి ఒక వ్యాన్ వచ్చి నా పాండా కారును గుద్దింది. డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది, బంపర్ ఒకపక్క ఊడి వేలాడింది. వ్యాన్ నడిపినాయన తన తప్పు ఒప్పుకున్నాడు. ప్రమాదం ఎలా జరిగిందో ఇద్దరు డ్రైవర్లూ కలిసి రాసిచ్చే నీలం ఫారాన్ని నా కారు బానెట్ మీదే పెట్టుకుని నింపాం. నా వైపు 1వ గడిలో టిక్కు, ఆగి ఉన్న బండి అని. ఆయన వైపు 8వ గడిలో, అదే వరుసలో వెనక నుంచి గుద్దిన బండి అని. ఇద్దరం సంతకాలు పెట్టాం.

2007 నుంచి ఇటలీలో ఇలాంటి కేసుల్లో తప్పు లేనివాళ్లకు వాళ్ల సొంత బీమా కంపెనీయే డబ్బు చెల్లించాలి. ఇద్దరి సంతకాలూ ఉంటే, బండి నష్టానికి ఎంత ఇస్తారో, ఇవ్వకపోతే ఎందుకివ్వరో 30 రోజుల్లో చెప్పాలి. జనవరి 16న కాగితాలన్నీ మీకిచ్చాను. వచ్చిన జవాబల్లా ఫోన్‌లో ఒక్క ముక్క: "మీ బ్లాక్ బాక్స్‌లో ఆ రోజు ఏ ప్రమాదమూ నమోదు కాలేదు."

బండి కదలికల్ని, గుద్దుళ్లని నమోదు చేయడానికి నా కారులో పెట్టిన ఆ పెట్టె సంగతి మీ గ్రూపులోనే ఉన్న బాక్సుల కంపెనీని అడిగితే, అక్టోబరు నుంచి దాని సిగ్నలే అందడం లేదన్నారు. మా మెకానిక్ డాష్‌బోర్డు విప్పి చూస్తే వైరు ఊడిపోయి ఉంది. చచ్చిన పెట్టె ప్రమాదాన్ని ఎలా రాస్తుంది? డిసెంబరులో దాని ఏడాది అద్దె మాత్రం నా ఖాతాలోంచి ఠంచనుగా పోయింది. బాక్సు లెక్కను కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది నిజమే, కానీ అది పనిచేయలేదని చూపిస్తే ఆ లెక్క చెల్లదు.

పాలసీ తీసుకున్న రోజు మీ ఏజెన్సీలో బీమా, బాక్సు, రిపేరు షెడ్డు, అద్దె కారు, అన్నీ "మా గ్రూపువే" అన్నారు. ఇప్పుడు ఎవరిని అడిగినా "అది వేరే కంపెనీ". ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. (దీన్ని మా అమ్మాయి ఇటాలియన్‌లోకి ఎలా దించిందో చూడాలి.) మీ షెడ్డుకే తీసుకెళ్లి ఉంటే పని త్వరగా అయ్యేదని ఏజెంటు సణిగాడు. నమ్మకమైన మెకానిక్ దగ్గర బాగు చేయించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. అతని అంచనా 1,840 యూరోలు.

ప్రమాదాల్లేకపోతే తగ్గే బీమా తరగతుల్లో 2017లో 14వ దాంట్లో మొదలై, ఒక్క ప్రమాదం లేకుండా ఏడాదికో మెట్టు దిగి 6కి వచ్చాను. ఈ ప్రమాదం పేరుతో నన్ను మళ్లీ పైకి ఎక్కించరని రాతపూర్వకంగా కావాలి. దాంతోపాటు చెల్లించే మొత్తం, బాక్సు సిగ్నల్ ఎప్పుడు ఆగిందో చూపే రికార్డు, ఆగిన నెలల అద్దె వాపసు.

ఫిర్యాదుకు జవాబివ్వడానికి మీకున్న గడువు 45 రోజులు. 46వ రోజు ఇదే ఫైలు రోమ్‌లో బీమా కంపెనీల మీద నిఘా పెట్టే సంస్థ ఇవాస్‌కు వెళ్తుంది. దయచేసి ఫోన్ చేయొద్దు, కాగితం మీద రాయండి.

ఇట్లు,
మీ పాలసీదారు

జత: నీలం ఫారం కాపీ, మెకానిక్ అంచనా, ఊడిన వైరు ఫోటోలు 3