"ఏ హోమ్ థియేటర్‌కైనా" అని అమ్మిన వైర్‌లెస్ రియర్ స్పీకర్ కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ వైర్‌లెస్ రియర్ స్పీకర్ కిట్ డబ్బా మీద "ఏ హోమ్ థియేటర్‌కైనా 5 నిమిషాల్లో" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంట్లో ఉన్న 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కు శబ్దం పంపే పెట్టె) నుంచి సోఫా వెనక్కి వైరు లాగే పని తప్పుతుందనే దీన్ని కొన్నాను. బిల్లు కాపీ, ఫొటోలు, మీ సర్వీస్ సెంటర్ పంపిన మెయిల్ జతచేస్తున్నాను. వైర్‌లెస్ సిగ్నల్ అందుకుని వెనక స్పీకర్లను నడిపే రియర్ పెట్టెకు 230 వోల్టుల ప్లగ్గు, అక్కణ్ణుంచి రెండు స్పీకర్లకూ వైరు ఎలాగూ కావాలి. ఆ సంగతి తెలిసే కొన్నాను, దాని మీద ఫిర్యాదు లేదు.

వస్తువు పాడైపోయి రాలేదని కూడా ముందే చెబుతున్నాను. రిసీవర్ దగ్గర పెట్టే ట్రాన్స్‌మిటర్, రియర్ పెట్టె జత కలుస్తున్నాయి, పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. అందుకే "రీప్లేస్ చేస్తాం" అన్న మీ జవాబు ఇక్కడ పనికిరాదు. అదే మోడల్ ఇంకొకటి పంపినా కింద రాసిన గొడవే.

ట్రాన్స్‌మిటర్‌కు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు తప్ప మరేమీ లేవు. అవి లైన్ లెవెల్‌వి, అంటే స్పీకర్‌ను నడిపేంత పెంచని చిన్న సిగ్నల్ కోసం. గరిష్ఠంగా 2 వోల్టులు అని మీ మాన్యువల్లోనే ఉంది. అంటే రిసీవర్ వెనక సరౌండ్ ప్రీ-ఔట్, అంటే వెనక స్పీకర్ల కోసం ఆ చిన్న సిగ్నల్ బయటికిచ్చే సాకెట్, ఉండి తీరాలి. తక్కువ ధర 5.1 రిసీవర్లలో సాధారణంగా ఉండేది సబ్‌వూఫర్ ప్రీ-ఔట్ ఒక్కటే, సరౌండ్‌కు స్పీకర్ టెర్మినళ్లే దిక్కు. స్పీకర్లతో కలిపి ఒకే సెట్టుగా అమ్మే హోమ్ థియేటర్లలోనూ ఎక్కువగా ఇంతే. అలాంటప్పుడు డబ్బా మీద "ఏ హోమ్ థియేటర్‌కైనా" అని ఎలా రాస్తారు?

ఇంతకంటే ఆందోళన కలిగించేది మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన సలహా. స్పీకర్ వైరు కత్తిరించి, ప్లస్‌ను ఆర్‌సీఏ నడిమి పిన్నుకు, మైనస్‌ను బయటి రింగుకు అతికించమన్నారు. ఫోన్లోనే కాదు, మెయిల్లో రాసి మరీ చెప్పారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఒక్క వాట్ వెళ్లినా టెర్మినళ్ల మీద 2.83 వోల్టులు ఉంటాయి. 50 వాట్లకు 20 వోల్టులు. 2 వోల్టుల ఇన్‌పుట్‌లోకి దాన్ని పంపితే మాట కూడా గరగరమంటుంది, ఆ పైన ఇన్‌పుట్ సర్క్యూట్ పోవచ్చు. ఇంకో ప్రమాదం, మీ ట్రాన్స్‌మిటర్ లోపల రెండు ఆర్‌సీఏల బయటి రింగులూ ఒకటే గ్రౌండ్. బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేసే యాంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. ఎడమ, కుడి మైనస్‌లు అలా కలిశాయంటే షార్టే. అదృష్టం బాగుంటే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే ఔట్‌పుట్ ఐసీ కాలుతుంది. మీ మాట నమ్మి వైరు అతికించినవాళ్ల రిసీవర్లకు వారంటీ ఎవరిస్తారు?

కారు ఆడియో షాపుల్లో దొరికే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హై-లో కన్వర్టర్‌ను (స్పీకర్ సిగ్నల్‌ను లైన్ లెవెల్‌కు తగ్గించేది) మధ్యలో పెడితే శబ్దం శుభ్రంగా వచ్చింది. ఆ చిన్న భాగం, లేదా స్పీకర్ లెవెల్ ఇన్‌పుట్, కిట్‌లోనే ఉండాల్సింది.

రెండో లోపం ఆలస్యం. దీన్ని కన్వర్టర్ కూడా దాచలేదు. రిసీవర్లో అన్ని స్పీకర్ల దూరం ఒకటే అని సెట్ చేసి, టక్కుమనే టెస్ట్ శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లలో ఒకేసారి వదిలి, సోఫా దగ్గర ఫోన్లో రికార్డు చేశాను. వెనక శబ్దం 42 మిల్లీసెకన్లు వెనకబడింది. ముందు స్పీకర్ 3 మీటర్లు, వెనకది 2 మీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి నిజానికి వెనకదే 3 మిల్లీసెకన్లు ముందు చేరాలి. మొత్తం 45. శబ్దం సెకనుకు 343 మీటర్ల వేగంతో వెళ్తుంది, కనుక ఇది దాదాపు 15.4 మీటర్ల అదనపు దూరంతో సమానం. రిసీవర్‌తో వచ్చిన మైకుతో ఆటో సెటప్ చేసినా రియర్ స్పీకర్లు 17 మీటర్ల అవతల ఉన్నాయనే చూపించింది! రిసీవర్ ముందు స్పీకర్లను ఆ మేరకు ఆపి వదిలేలా దూరం అంకెలు మార్చి సర్దుదామంటే, మా రిసీవర్ రెండు స్పీకర్ల మధ్య 6 మీటర్లకు మించి తేడా ఒప్పుకోదు. 6 మీటర్లు సర్దినా పోయేది 17.5 మిల్లీసెకన్లే. మిగిలింది చప్పట్లు, తుపాకీ శబ్దాలలో రెండుసార్లు కొట్టినట్టు వినిపిస్తుంది. ఈ 45 అనే అంకె డబ్బా మీద గానీ మాన్యువల్లో గానీ ఎక్కడా లేదు.

మూడోది ఆటో స్లీప్. సరౌండ్ ఛానల్లో 10 నిమిషాలు సిగ్నల్ లేకపోతే ట్రాన్స్‌మిటర్ నిద్రపోతుంది. మళ్లీ లేవడానికి 2 సెకన్లు. మాటలే నడిచే సన్నివేశాల్లో సరౌండ్ అంతసేపు మౌనంగా ఉండటం సహజం, ఆ తర్వాత ఉరిమితే మొదటి ఉరుము పోతుంది. దీన్ని ఆపే స్విచ్ లేదు.

2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సిగ్నల్ మధ్యమధ్యలో తెగిపోవడం మాత్రం వైఫై రౌటర్‌ను మీటరు అవతల పెట్టి, ఛానల్ 1కి కట్టేస్తే చాలావరకు తగ్గింది. దాన్ని లెక్కలో వేయడం లేదు.

నేను కోరేవి: పూర్తి డబ్బు వాపసు. కనెక్షన్ గురించి ఆ సలహా వెనక్కి తీసుకుంటూ, అది అందుకున్న కొనుగోలుదారులందరికీ రాతపూర్వక హెచ్చరిక. డబ్బా మీద "సరౌండ్ ప్రీ-ఔట్ ఉన్న రిసీవర్లకు మాత్రమే" అన్న మాట, పక్కనే ఆలస్యం ఎంతో మిల్లీసెకన్లలో.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా కమిషన్‌కు వెళ్తాను. మీ మెయిల్ అందులో మొదటి సాక్ష్యం.

ట్రాన్స్‌మిటర్, రియర్ పెట్టె, రెండు అడాప్టర్లు, ఆర్‌సీఏ వైరు, మాన్యువల్ అసలు డబ్బాలోనే సర్ది ఉంచాను. పికప్‌కు వచ్చేవారు సీరియల్ నంబరు సరిచూసి రసీదు ఇవ్వాలి. కన్వర్టర్ నా సొంతం, అది అందులో ఉండదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
హైదరాబాద్