ఖండనకు మూడు రోజులు, నీటి పరీక్షకు పదకొండు నెలలు

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నెల్లూరు జిల్లా తీర మండలం నుంచి పదహారేళ్లుగా వ్యవసాయ వార్తలు రాస్తున్న విలేకరి నమస్కరించి వ్రాయునది. రొయ్యల గుంటల ఉప్పునీరు పంటకాలువలో కలుస్తోందని నేను రాసిన వార్తకు మూడో రోజునే తమ కార్యాలయం నుంచి ఖండన వచ్చింది. ‘నిరాధారం’ అనే ఒక్క మాట పంపడానికి అంత చురుకుగా కదిలిన కార్యాలయం, అదే కాలువ నీటిని పరీక్షించమని రైతులూ నేనూ ఇచ్చిన నాలుగు అర్జీల మీద పదకొండు నెలలుగా మౌనం వహిస్తోంది.

నిబంధనలు మీకు నేను చెప్పవలసిన పని లేదు. సాగుభూమిని రొయ్యల గుంటలుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే ఆదేశించింది. గుంటకూ తాగునీటి వనరుకూ మధ్య 100 మీటర్ల ఎడం ఉండాలని 2005 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. మా ఊరి మంచినీళ్ల బావి నుంచి పక్క గుంట కట్ట వరకు టేపు పట్టి కొలిస్తే 38 మీటర్లు వచ్చింది. ఆ అంకె వార్తలో వేశాను. అధికారి నన్ను పిలిపించారు. గుంట ఎవరిదని అడగలేదు. టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారని అడిగారు.

చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. ఆ కొస పట్టిన రైతు కయ్యలో కిందటి ఎడగారుకు, అంటే మా వైపు రెండో పంటకు, నాటిన నారు పది రోజులకే ఆకు కొసలు తెల్లబడి ఎండిపోయింది. అప్పు చేసి మళ్లీ నారు కొని నాటితే, ఎకరాకు మూడున్నర పుట్లు పండిన నేలలో పుట్టిన్నర కూడా రాలేదు. ఇప్పుడు గుంట యజమానే ఆ కయ్యను కౌలుకు అడుగుతున్నాడు. ఇచ్చేస్తే అదీ గుంట అవుతుంది, అర్జీ పెట్టే రైతు మిగలడు, తమ కార్యాలయంలోని దస్త్రం దానంతటదే ముగిసిపోతుంది.

రొయ్యల మీద నాకు పగ లేదు. మా ఇంట్లోనూ వండుకుంటాం. మండలంలో నమోదైన గుంటల జాబితా ఇవ్వమని మాత్రమే సమాచార హక్కు చట్టం కింద అడిగాను. 30 రోజుల్లో రావలసిన జవాబు ఐదు నెలలకు ఒక వాక్యంగా వచ్చింది: ‘పరిశీలనలో ఉన్నది’.

అయ్యా, నా వార్త అబద్ధమని తేలితే తమరు ఏ చర్య తీసుకున్నా తల వంచుతాను. అది తేలాలన్నా ముందు నీటిని పరీక్షించాలి కదా! ఈ ఎడగారుకు నారు పోయక ముందే ఎవరినైనా పంపించండి. నీళ్లు పట్టడానికి సీసా నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక గ్రామీణ విలేకరి