రవీ, ఆ డెబ్బై లక్షల వరుసల గురించి

హనుమకొండ,
ఆదివారం

అరేయ్ రవీ,

నీ ఉత్తరం మొన్న అందింది. ఇక్కడ అందరం మంచిగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే పద్మాక్షి గుట్ట దాకా నడిచి వస్తోంది. నువ్వెప్పుడు వస్తావని అడుగుతూనే ఉంటుంది. వానలు బాగా పడ్డాయి, వాటి వెనకే జ్వరాలూ దిగాయి. వార్డుల్లో మంచాలు చాలడం లేదు. మా ఆసుపత్రి రికార్డు రూములో నా బల్ల మీదేమో కేసు షీట్ల కట్టలు పెరిగిపోతున్నాయి.

ఇక నువ్వడిగిన సంగతి. మీ ఆఫీసులో అమెరికా ఆసుపత్రుల డేటా చేతికిచ్చి, గుండె జబ్బుతో చేరినవాళ్లలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్పే మోడల్ చేయమన్నారని రాశావు. "నువ్వు రోజంతా కేసు షీట్లలోనే ఉంటావు కదా, ఏం చూసుకోవాలో చెప్పు" అన్నావు. ఈ విషయం మీద నాకు చాలా ఉంది చెప్పడానికి. ఫోన్లో తెమలదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన గుర్తులను బట్టి అది నేషనల్ ఇన్‌పేషెంట్ శాంపిల్. 1988 నుంచి వస్తోంది. ఏటా దాదాపు 70 లక్షల అడ్మిషన్లు ఉంటాయి, అంటే ఆ దేశపు ఆసుపత్రి అడ్మిషన్లలో ఇంచుమించు అయిదో వంతు. మీ నాన్న వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లం, గుర్తుందా? యార్డుకు ఎలాంటి మిర్చి వచ్చిందో తెలియాలంటే కొందరు రైతుల బస్తాలు మాత్రం ఎంచుకుని వాటిని మొత్తం విప్పి చూడొచ్చు, లేదా యార్డులో ఉన్న ప్రతి రైతు సరుకులోంచీ కొంచెం కొంచెం తీసి చూడొచ్చు. అమెరికావాళ్లు 2012కు ముందు మొదటి పద్ధతిలో పోయారు. అయిదో వంతు ఆసుపత్రులను ఎంచుకుని, వాటిలోని అడ్మిషన్లన్నీ తీసుకున్నారు. 2012 నుంచి రెండో పద్ధతి. డేటా ఇచ్చే ఆసుపత్రులన్నిటి నుంచీ అయిదింటిలో ఒక అడ్మిషన్ తీస్తున్నారు. కాబట్టి 2010 నుంచి 2014 దాకా ఒకే గీత గీసి "జబ్బు పెరిగింది" అనకు. పెరిగింది జబ్బో, మారింది పద్ధతో ఆ గీతలో కనిపించదు. పాత ఏళ్లకు వేరే వెయిట్లు (ఒక్కో వరుస దేశంలోని ఎన్ని అడ్మిషన్లకు బదులో చెప్పే అంకెలు) ఇచ్చారు, అవే వాడు. 2015 అక్టోబర్ 1న జబ్బుల కోడ్లు కూడా ఐసీడీ అనే అంతర్జాతీయ పట్టిక తొమ్మిదో కూర్పు నుంచి పదో కూర్పుకు మారాయి. అక్కడ ఇంకో అతుకు ఉంది.

ఇవన్నీ నీకు చిన్న విషయాలు అనిపించొచ్చు. ఇదే డేటాతో అచ్చయిన 120 పరిశోధనలను తీసి పరీక్షించిన వ్యాసం ఒకటి 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వాటిలో 85 శాతం, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాల్లో కనీసం ఒకటి పాటించలేదు. రాసినవాళ్లంతా చదువుకున్న డాక్టర్లే రా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ ఫైల్లో ఒక వరుస అంటే ఒక అడ్మిషన్, ఒక మనిషి అనుకోవద్దు. మా దగ్గరా అంతే. ఏటూరునాగారం దగ్గర ఒక పెద్దమనిషికి గుండెలో నొప్పి వచ్చిందనుకో. ముందు అక్కడి ఆసుపత్రి, అక్కణ్ణుంచి ములుగు, ములుగు నుంచి వరంగల్, ఇక్కడా కాకపోతే హైదరాబాద్. నాలుగు రిజిస్టర్లు, నాలుగు ఐపీ నంబర్లు పడతాయి. మూడు చోట్ల "రిఫర్డ్" అని రాసి ఫైలు మూసేస్తారు. ఆయన బతికాడా లేదా అన్నది నాలుగో చోటే తేలుతుంది. మొదటి మూడు ఆసుపత్రుల మరణాల లెక్కలో ఆయన ఎక్కడా కనపడడు. ఆ చిన్న ఆసుపత్రుల్లో చావులు తక్కువ, పెద్దాసుపత్రిలో చావులు ఎక్కువ అని పేపర్లో రాస్తే నాకు కడుపు మండుతుంది. భూపాలపల్లి నుంచీ మహబూబాబాద్ నుంచీ చేయి దాటిన కేసులన్నీ అంబులెన్సుల్లో ఇక్కడికే వస్తాయి మరి. వచ్చినప్పుడు మనిషి ఏ స్థితిలో ఉన్నాడో లెక్కలోకి తీసుకోకుండా ఆసుపత్రులను పోల్చడం అన్యాయం.

డెన్మార్క్‌లో ఈ చిక్కు లేదు. 1968 నుంచి అక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరుంది, 1977 నుంచి దేశంలోని ఆసుపత్రి అడ్మిషన్లు ఆ నంబరు మీదే ఒక రిజిస్టర్లోకి ఎక్కుతున్నాయి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకా వేస్తే ఆటిజం వస్తుందని లోకమంతా పుకారు లేచినప్పుడు, వాళ్లు 1991 నుంచి 1998 దాకా పుట్టిన 5,37,303 మంది పిల్లల రికార్డులను కలిపి చూశారు. టీకా వేసుకున్న పిల్లల్లో ఆటిజం ఎక్కువేమీ లేదని 2002లో తేల్చి చెప్పారు. మా వాడకట్టులో ఇప్పటికీ టీకాకు జంకే తల్లులున్నారు. అడిగితే నేను ఈ లెక్కే చెబుతాను. మన దగ్గర కూడా ఒక్కో మనిషి ఆరోగ్య రికార్డులు కలపడానికి 14 అంకెల ఆభా నంబరు వచ్చింది, 2021లో దేశమంతటా మొదలుపెట్టారు. ఓపీ చీటీ క్యూలో దాని కోసం ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లను నువ్వూ చూసే ఉంటావు. ఏటూరునాగారం పెద్దమనిషి నాలుగు ఫైళ్లూ ఆ నంబరు కింద ఒక్కచోటికి చేరిన రోజున నాకంటే సంతోషించేవాడు ఉండడు. ఆరోగ్యశ్రీ డేటా ఉంది కదా అంటావేమో. 2007 నుంచి ఉంది, చాలా పెద్దదే. కానీ అది బిల్లు కోసం పుట్టిన డేటా. ఏ ప్యాకేజీ కింద డబ్బు వచ్చిందో బాగా చెబుతుంది. ప్యాకేజీ లేని జబ్బు గురించి నోరు విప్పదు.

ఇప్పుడు మన వరంగల్ సంగతి ఒకటి చెప్తా. నేను ఈ పనిని ఎందుకింత పట్టుకుని ఉన్నానో నీకు దీనితో అర్థమవుతుంది.

1997 నుంచి 2002 దాకా మన జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పురుగుల మందుతో చేరినవాళ్ల రికార్డులు తీసి చూశారు. 2005లో అది అచ్చయింది. ఆరేళ్లలో 8,040 మంది. వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారు, అంటే ప్రతి నలుగురైదుగురిలో ఒకరు. 1999, 2000 సంవత్సరాలవి ఇంకా లోతుగా చూస్తే, మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువాళ్లు. మనం డిగ్రీ చదివే రోజులవి, పత్తి చేలు ఎండిపోయి ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన రోజులు. మందు పేరు తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండే రెండు మందుల వల్ల, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. విరుగుడు మందులు కూడా చాలామందికి సరిపడా మోతాదులో పడలేదని అదే రికార్డుల్లో తేలింది.

అంతకుముందు అందరూ "అప్పులు, కరువు, ఏం చేస్తాం" అనేవాళ్లు. అవీ నిజమే, కాదనను. కానీ కేసు షీట్లు కలిపి చూసేసరికి చేయగలిగిన పనులు రెండు బయటపడ్డాయి. అంత ప్రమాదకరమైన మందును బజార్లోంచి తీసేయొచ్చు, విరుగుడు మోతాదు సరిదిద్దొచ్చు. శ్రీలంకవాళ్లు మొదటిది దేశమంతటా చేసి చూపించారు. అత్యంత విషపూరితమైన మందులను 1995లో ఆపారు, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపారు. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి దిగింది. అంతకుముందు పదేళ్లతో పోలిస్తే 1996-2005 మధ్య దాదాపు 20 వేల చావులు తగ్గాయి. పురుగుల మందు తాగి ఆసుపత్రిలో చేరేవాళ్ల సంఖ్య ఏమీ తగ్గలేదు రవీ. చేరినవాళ్లలో మునుపటికంటే ఎక్కువమంది బతికి ఇంటికి పోయారు. అడ్మిషన్ల లెక్కా మరణాల లెక్కా రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టే ఆ తేడా తెలిసింది. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది.

ఆ మందు పేరు రికార్డులోకి ఎలా వస్తుందో చెప్తా విను. ఇలాంటి కేసు వచ్చినప్పుడు ఇంటివాళ్లలో ఎవరో ఒకరు క్యారీ బ్యాగులో సీసా పట్టుకొస్తారు. లేబుల్ సగం చిరిగి, మట్టి కొట్టుకుని ఉంటుంది. మా క్యాజువాలిటీలో ఒక సీనియర్ సిస్టర్ ఉంది. ఎంత రద్దీలో ఉన్నా ఆ సీసాను దూదితో తుడిచి, లేబుల్ మీదున్న పేరును ఒక్కో అక్షరం చూసి కేసు షీటు అంచున రాస్తుంది. కింద చిన్న అక్షరాలతో ఎంత శాతమో అది కూడా రాస్తుంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. మిగతా షిఫ్టుల్లో వచ్చిన షీట్ల మీద "అన్‌నోన్ పాయిజన్" అని ఒక్క ముక్క ఉంటుంది.

ఆ షీటు నా దగ్గరికి వస్తుంది. నేను కోడ్ వేయాలి. ఐసీడీ పదిలో మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందులన్నిటికీ, కార్బమేట్లనే ఇంకో రకానికి కూడా కలిపి ఒకటే కోడ్, టి60.0. అందులో మనుషులు తేలిగ్గా బతికి బయటపడే మందూ ఉంది, బతకనివ్వని మందూ ఉంది. కంప్యూటర్లోకి టి60.0 మాత్రమే పోతుంది. సిస్టర్ రాసిన పేరు కాగితం అంచునే ఉండిపోతుంది. రేపు ఎవరైనా దేశమంతటి కోడ్లు కలిపి చూస్తే "పురుగుల మందు కేసులు ఇన్ని" అని వస్తుంది. ఏ మందును ఆపాలో రాదు. మన వరంగల్ రికార్డుల నుంచి ఆ రెండు పేర్లు బయటికొచ్చాయంటే, ఎవరో కాగితాల మీద మందు పేర్లు రాసి ఉంచారు కాబట్టి. అందుకే మా ఆసుపత్రిలో మందు పేరు కోసం విడిగా ఒక గడి పెట్టమని మా సూపరింటెండెంట్ సార్‌ను పట్టుకుని వేలాడుతున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడతానన్నారు.

నీ గుండె మోడల్‌కు నేరుగా తగిలేది ఇంకోటుంది. మరణ కారణం దగ్గర "కార్డియో పల్మనరీ అరెస్ట్" అని రాసి వదిలేసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు పోతారు చెప్పు? డెంగీతో పోయినవాడూ, పురుగుల మందు తాగి పోయినవాడూ, కాన్పులో పోయిన తల్లీ అందరూ ఆ మాట కిందికే చేరితే రేపటి లెక్కలో వాళ్లంతా గుండె కేసులవుతారు. హౌస్ సర్జన్ల మీద నాకు కోపం లేదు. ముప్పై ఆరు గంటల డ్యూటీ తర్వాత ఆ పిల్లలకు పెన్ను పట్టుకునే ఓపిక ఉండదు. అయినా నేను ఫైలు పట్టుకుని వార్డుకు పోయి "దేనివల్ల ఆగిందో ఒక్క మాట రాయండి డాక్టర్" అని అడుగుతాను. ఎక్కువమంది విసుక్కోకుండా రాస్తారు.

ఇక లామా కేసులు. డాక్టర్ వద్దన్నా సంతకం పెట్టి పేషెంటును తీసుకెళ్లిపోవడం. మీ ఫైల్లో కూడా ఉంటుంది చూడు, డిశ్చార్జ్ ఎలా జరిగిందో చెప్పే కాలమ్‌లో 7 అంటే అదే, 20 అంటే మరణం. కానీ అక్కడి 7కూ మన లామాకూ చాలా తేడా ఉంటుంది. మన దగ్గర "ఇగ లాభం లేదు" అని తెలిశాక, ప్రాణం ఇంటి దగ్గర పోవాలని తీసుకెళ్లేవాళ్లు ఎంతోమంది. పొలం అమ్మినా సరిపోదని తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ఒక ముసలాయనను ఆయన కొడుకులు వెంటిలేటర్ మీద నుంచి తీయించి పరకాల వైపు తీసుకెళ్లిన ఫైలు మీద నేనే లామా అని వేశాను. ఆసుపత్రి లెక్క ప్రకారం ఆయన చనిపోలేదు. మన దేశపు డేటాతో ఎప్పుడైనా పనిచేస్తే ఆ వరుసలను "బతికారు" వైపు వేయకు. విడిగా పెట్టు, వీలైతే నెల తర్వాత ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు అడుగు.

పీ వాల్యూ, అంటే కనిపించిన తేడా కాకతాళీయమా కాదా అని అంచనా వేసే అంకె, దాన్ని చూసి సంబరపడే కుర్రాళ్లు మీ టీమ్‌లో ఉంటే వాళ్లకు ఒకటి చెప్పు. 70 లక్షల వరుసల్లో ఎంత చిన్న తేడా అయినా "సిగ్నిఫికెంట్" అయి కూర్చుంటుంది. తేడా ఎంతో చూడాలి, దానివల్ల మంచం మీదున్న మనిషికి ఏం ఒరుగుతుందో చూడాలి. కెనడాలోని ఒంటారియోలో 1988-1997 మధ్య ఎమర్జెన్సీ నుంచి చేరిన దాదాపు 38 లక్షల అడ్మిషన్లు చూసి, కొన్ని తీవ్రమైన జబ్బులతో శని ఆదివారాల్లో చేరినవాళ్లలో మరణాలు ఎక్కువని 2001లో రాశారు. సిబ్బంది తక్కువ ఉండడం వల్లా? లేక ఆ రెండు రోజులు బాగా ముదిరినవాళ్లే ఆసుపత్రికి రావడం వల్లా? దాని మీద వాదన చాలా ఏళ్లు నడిచింది. వార్డులో ఆదివారం డ్యూటీ చేసినవాళ్లను కూర్చోబెట్టి అడగకుండా అంకెల నుంచే జవాబు పిండాలంటే కష్టం.

పేర్లు తీసేస్తే చాలని కూడా అనుకోవద్దు. తాడ్వాయి మండలం, 34 ఏళ్లు, స్త్రీ, ఫలానా అరుదైన జబ్బు అని రాస్తే ఆ చుట్టుపక్కల అందరికీ ఎవరో తెలిసిపోతుంది. నీ ఫైలు తీసుకునేటప్పుడు పది, అంతకంటే తక్కువ కేసులున్న గడులు అచ్చు వేయకూడదని సంతకం పెట్టి ఉంటావు. దాన్ని గట్టిగా పాటించు.

నాకో సాయం చెయ్యి. నీ ఫైల్లో గుండెపోటు కేసులు తీసి, వేరే ఆసుపత్రికి పంపినవాళ్లు ఎందరో, 7 వేసినవాళ్లు ఎందరో విడివిడిగా శాతాలు పంపు, వెయిట్లు వేసి మరీ. వచ్చే నెల మా దగ్గర హౌస్ సర్జన్లకు రికార్డులు ఎలా రాయాలో గంటసేపు చెప్పమన్నారు. మన అంకెల పక్కన అవి చూపిస్తాను. దసరాకు వస్తే రెండు రోజులు ఎక్కువ ఉండేలా రా, మా రికార్డు రూముకు తీసుకెళ్తాను. పిల్లలకు ముద్దులు, చెల్లెమ్మను అడిగానని చెప్పు. సకినాలు పంపమని అమ్మ అంటోంది, వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు.

నీ
సదానందం