వైండింగ్ షాపులకు సోలార్ పని నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

కల్వకుర్తిలో ఇరవై రెండేళ్లుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. లో వోల్టేజీకి, ఫేజు పోయి కాలిన మోటార్లే మాకు ఇన్నాళ్లూ బువ్వ పెట్టాయి. ఇప్పుడు మా వైపు సోలార్ పంపులు వస్తున్నాయి. 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. రూ. 12,600 కోట్లతో 2.10 లక్షల గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు నీళ్లన్నారు. మంచి పనే. కానీ పంపు ఆగిపోతే రైతు ఎక్కడికి పోవాలి?

పోయిన సంక్రాంతి ముందు ఒక తండా రైతు సోలార్ పంపును నడిపే పెట్టెను, అంటే కంట్రోలర్‌ను, గోనెసంచిలో చుట్టి బండి మీద తెచ్చాడు. మోటారైతే విప్పేవాణ్ని. ఇది ముట్టుకోలేదు, భయపడ్డాను. అయిదు హార్స్‌పవర్ పంపుకు ప్యానెళ్లు వరుసగా కలిపితే వందల వోల్టుల డీసీ. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి తీగ విడదీసినప్పుడు లేచే నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీలో అట్లా ఆరదు. ఫ్యూజు పీకినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ దగ్గర కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ కంట్రోలర్ హైదరాబాద్ పోయి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆలోగా ఆయన వేరుశనగ ఎండింది.

కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద ఇచ్చే సోలార్ పంపులకైతే అయిదేళ్లు మరమ్మతు చూసే బాధ్యత అమర్చినవాళ్లదే. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. మిగతా ఇరవై ఏళ్లు ఎవరు చూస్తారు? ఉద్యోగాలంటే నాకు కనిపించేవి ఆ ఇరవై ఏళ్ల మరమ్మతు పనులే. బిగించే ముఠాలు బయటి నుంచి వస్తాయి, మా పిల్లలకు గుంతలు తీసే కూలి నాలుగు రోజులు దొరుకుతుంది, అంతే.

ఎల్‌ఈడీల సంగతీ చూశాం. 2015లో కేంద్రం ఎల్‌ఈడీ దీపాలిచ్చే ఉజాలా పథకం వచ్చాక చోకు, స్టార్టరు మార్చే పని పోయింది. కొత్త పని మాకెవరూ నేర్పలేదు. మా షాపు పిల్లగాడు ఫోనులో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. బల్బులో ఒక్క చిప్పు కాలినా మొత్తం ఆరిపోతుంది, వాడు ఇరవై రూపాయలకు వెలిగిస్తాడు. వీధి దీపాల్లో డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు ఇచ్చే భాగం) పోతే మాత్రం ఫిట్టింగే మార్చేస్తున్నారు.

సోలార్ పనికి కేంద్రం ఇచ్చే సూర్యమిత్ర శిక్షణ ఉంది, కాదనను. 600 గంటలు, మూడు నెలలు, ఐటీఐ చదివి ఉండాలి. మాలో చాలామంది ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లం, సర్టిఫికెట్లు లేవు. మూడు నెలలు షాపు మూస్తే ఇల్లు గడవదు. ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చి రోబోల పని నేర్పుతున్నారు, నేర్పండి. మా తాలూకాలో రోబోలు లేవు, బోర్లున్నాయి.

ఆదివారాలు మా షాపులు బందే. మహబూబ్‌నగర్, నల్లగొండ ఐటీఐల్లో ఆ ఒక్కరోజు మాకు తలుపు తీసి, పాడైన కంట్రోలర్లు నాలుగు బల్ల మీద పెట్టి నేర్పితే చాలు. ఫీజు మేమే కట్టుకుంటాం.

— ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా